గప్పీలు, ఫైటర్, కీటకాహార మొక్కలు: గుంటూరు ఎండలో, బోరు నీళ్లలో ఏవి బతుకుతాయి?

గుంటూరు బ్రాడీపేట మిత్రులు అడిగినది మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. వారింట్లో రెండడుగుల అక్వేరియం ఉంది, అందులో గప్పీలు, ఒక ఫైటర్ చేప. ఆన్‌లైన్లో రెండు కీటకాహార మొక్కలు తెప్పించుకున్నారు: ఆకులు ఉచ్చులా మూసుకుని పురుగుల్ని పట్టే వీనస్ ఫ్లైట్రాప్ ఒకటి, ఒక చిన్న కప్పులో యూజీ, అంటే చిన్న తిత్తులతో పురుగుల్ని పట్టే యుట్రిక్యులేరియా గ్రామినిఫోలియా. అదే తొట్టెలో సగం నీళ్లు, సగం మట్టి పెట్టి అన్నిటినీ కలిపి పెంచొచ్చా? తిత్తుల మొక్క చేప పిల్లల్ని తినేస్తుందా? బోరు నీళ్లు సరిపోతాయా? ఈ మూడూ వారి సందేహాలు.

నేను విజయవాడలో ఉంటాను, చాలా ఏళ్లుగా ఈ మొక్కల్ని చేపలతోనూ, డాబా మీద విడిగానూ పెంచుతున్నాను. మీ ఎండా మా ఎండా ఒకటే కాబట్టి చలిదేశాల పుస్తకాల లెక్కలు పక్కన పెట్టి మన లెక్క చెప్తాను. చేపలతో కలిపి పెంచొచ్చు. కానీ నీళ్లలో బతికే మొక్కల్ని మాత్రమే చేపల నీళ్లలోకి దించండి. మట్టిలో బతికేవాటికి ఆ నీళ్లు చుక్క కూడా తగలకూడదు.

ఎందుకంటే, ఈ మొక్కలు పురుగుల్ని పట్టేది వాటి నేలలో, వాటి నీళ్లలో నత్రజని, భాస్వరం దాదాపు లేవు కాబట్టి. వేర్ల ద్వారా దొరకనిదాన్ని ఆకుతో సంపాదించుకుంటాయి. చేపల తొట్టె దీనికి పూర్తిగా వ్యతిరేకం. మనం వేసే మేత, చేపల మలం కలిసి అమ్మోనియా అవుతాయి, అది నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారి నీళ్లలోనే పేరుకుంటుంది. మనీ ప్లాంట్‌కు అది విందు. ఫ్లైట్రాప్‌కూ, జిగురు వెంట్రుకలతో పురుగుల్ని పట్టే డ్రాసెరాకూ విషం లాంటిది. సగం నీళ్లు, సగం మట్టి తొట్టెలో ఏం జరుగుతుందంటే, మట్టి ఆ నీళ్లను పైకి పీల్చుకుంటుంది, నీరు ఆవిరైపోయి లవణాలూ నైట్రేట్లూ మట్టిలో మిగిలిపోతాయి. మొదట పచ్చటి నాచు కమ్ముతుంది, తర్వాత వేర్లు నల్లబడతాయి. రెండు నెలలు బాగానే కనిపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. అలాంటి తొట్టె అందం మీకు తప్పనిసరిగా కావాలంటే నీళ్లకు పైన అద్దం పలక మీద కుండీలు పెట్టి, ఒక్కో కుండీ కింద వేరే ట్రే, ఆ ట్రేలో వేరే నీళ్లు ఉంచండి. చూడ్డానికి ఒకే తొట్టె, నీళ్లు మాత్రం వేరు.

నీళ్ల సంగతి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మన ఊళ్లలో కీటకాహార మొక్కలు చచ్చిపోయేది ఎక్కువగా నీళ్ల వల్లే. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఒకటి కొనండి, మొక్క కొనేముందే కొనండి. మట్టిలో పెరిగే రకాలకు 50 లోపు ఉండాలి. మా బోరు నీళ్లు మీటర్ మీద వెయ్యి దాటుతాయి. మీ బోరు కొంచెం నయంగా ఉన్నా, ఈ మొక్కల లెక్కలో తేడా ఏమీ ఉండదు. కృష్ణ నుంచి వచ్చే కుళాయి నీళ్లు మనకు తాగడానికి బావుంటాయి గానీ వీటికి అవీ ఎక్కువే.

ఆర్వో నీళ్లు వాడండి, అయితే ఇంట్లోని ప్యూరిఫయర్ కుళాయి నుంచి వచ్చే నీళ్లను గుడ్డిగా నమ్మకండి. రుచి కోసం చాలా మిషన్లలో మినరల్ కాట్రిడ్జ్ ఉంటుంది, టీడీఎస్ కంట్రోలర్ తిప్పి మామూలు నీళ్లు కొంత కలుపుతారు. సర్వీసు మనిషి వచ్చినప్పుడు మెంబ్రేన్ నుంచి నేరుగా ఒక పైపు తీయించుకుంటే చాలు. 20 లీటర్ల వాటర్ క్యాన్ అయినా పర్వాలేదు, కానీ వచ్చిన ప్రతి క్యాన్‌నూ మీటర్‌తో చూసుకోవాలి, రోజూ ఒకేలా ఉండదు. ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టండి. అందులో ఉప్పు దాదాపు ఉండదు, మట్టి మొక్కలకు వాడుకోవచ్చు. చేపలకు, రొయ్యలకు మాత్రం పోయొద్దు, కాయిల్ నుంచి రాగి చేరే ప్రమాదం ఉంది. అన్నిటికన్నా మంచివి వాన నీళ్లు. తొలకరి మొదటి వానకు డాబా మీది దుమ్మంతా కొట్టుకుపోనిచ్చి, రెండో వాన నుంచి ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టి మూత బిగించండి. జూన్ నుంచి అక్టోబరు దాకా పట్టుకుంటే చలికాలమంతా వస్తాయి.

చేపల తొట్టెలో ఇంకొక కిటుకు ఉంది. నీళ్లు ఆవిరై తగ్గినప్పుడు అందరూ మళ్లీ మామూలు నీళ్లే పోస్తారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు అందులోనే ఉండిపోతుంది, పోసిన ప్రతిసారీ ఇంకొంచెం చేరుతుంది. కాబట్టి తగ్గిన మట్టాన్ని ఆర్వో నీళ్లతోనే నింపండి. నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మీ మామూలు మిశ్రమం వాడండి.

గప్పీలూ ఫైటరూ వేరు కాపురం పెట్టాలి

మీ తొట్టెలో మొక్కల కన్నా ముందు చేపల లెక్క తేలాలి. గప్పీలకు కాస్త గట్టి నీళ్లు, అంటే ఖనిజాలు ఎక్కువున్నవి, ఉదజని సూచిక (పీహెచ్) 7 పైన ఉంటే హాయి. యూజీకి మెత్తటి, కొంచెం ఆమ్లంగా ఉండే నీళ్లు కావాలి. ఈ రెండిటికీ ఒకే నీళ్లు కుదరవు. పైగా ఫైటర్ గప్పీల తోకల్ని కొరుకుతుంది, ఇవాళ కాకపోతే రేపు. అందుకని గప్పీల్ని రెండడుగుల తొట్టెలోనే, అలవాటైన నీళ్లతోనే వదిలేయండి. ఫైటర్‌కు ఒక 20, 25 లీటర్ల చిన్న తొట్టె కొని యూజీని అందులో పెట్టండి. ముప్పావు వంతు ఆర్వో నీళ్లు, పావు వంతు క్లోరిన్ పోయేలా ఒకరోజు నిలవ ఉంచిన కుళాయి నీళ్లు కలిపితే మన దగ్గర టీడీఎస్ 100 అటూ ఇటూ వస్తుంది. మొక్కకూ అది బావుంటుంది, ఫైటర్‌కూ ఆ కాస్త ఖనిజాలు అవసరం. వీధిలో బాదం చెట్టు కింద రాలిన ఎర్రటి ఎండుటాకు ఒకటి కడిగి వేయండి. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, కొద్దిగా ఆమ్లమవుతాయి, ఫైటర్ ఆరోగ్యానికీ మంచిది. మందు కొట్టని చెట్టు ఆకే తెచ్చుకోండి.

గప్పీల తొట్టెలో కీటకాహార మొక్క ఉండకూడదా అంటే, భేషుగ్గా ఉండొచ్చు. యుట్రిక్యులేరియా గిబ్బా వేయండి. దారప్పోగుల్లా తేలే మొక్క ఇది, కొంచెం గట్టి నీళ్లనూ తట్టుకుంటుంది. చిన్న ముక్క వేస్తే చాలు, కొన్నాళ్లకు తొట్టె నిండిపోతుంది. మీరు ఇష్టపడి వేసిన నాచు మొక్కల్లో, జావా మాస్‌లో ఇది చిక్కుకుందంటే విడదీయడం చాలా కష్టం, అందుకే అవి లేని తొట్టెలోనే వేయాలి. వారానికోసారి గుప్పెడు తీసేయాలి. గోల్డ్‌ఫిష్ ఉన్న తొట్టెలో వేయకండి, పీకి తినేస్తాయి.

తిత్తి లోపల ఏం జరుగుతుంది, చేప పిల్లలకు ప్రమాదం ఎంత

యుట్రిక్యులేరియా తిత్తిని ఒక భూతద్దం కింద తప్పకుండా చూడండి, ఒకసారి చూస్తే మీకు ఈ మొక్కల మీద మమకారం ఆగదు. పారదర్శకంగా, నొక్కిన పెసరగింజలా పక్కలు లోపలికి పోయి ఉంటుంది. మొక్క ఆ తిత్తిలోంచి నీటిని నిదానంగా బయటికి తోడేస్తుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది. నోటి దగ్గర ఒక చిన్న తలుపు, దాని మీద సన్నటి వెంట్రుకలు. డాఫ్నియా లాంటి చిన్న నీటి పురుగేదో వచ్చి ఆ వెంట్రుకను తాకిందా, తలుపు లోపలికి తెరుచుకుని పురుగు నీళ్లతో సహా లోపలికి పోతుంది. ఇదంతా ఒక మిల్లీసెకను లోపే అయిపోతుంది. మొక్కల్లో ఇంత వేగంగా పట్టే ఉచ్చు ఇంకొకటి లేదు. మళ్లీ నీరు తోడి సిద్ధం కావడానికి పావుగంట, అరగంట పడుతుంది. తిన్న తిత్తులు నల్లగా, ఖాళీవి తెల్లగా కనిపిస్తాయి. మొక్కను నీళ్లలోంచి పైకెత్తి చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. తిత్తులు ఒక్కొక్కటే తెరుచుకుని గాలి పీల్చుకుంటున్నాయన్నమాట.

ఇప్పుడు మీ భయం సంగతి. పెద్ద చేపకు ఏ యుట్రిక్యులేరియా వల్లా ఏమీ కాదు. పిల్లల విషయం తిత్తి సైజు మీద ఆధారపడి ఉంటుంది. గిబ్బా తిత్తి 1, 2 మిల్లీమీటర్లే. గప్పీ పిల్ల పుట్టేటప్పటికే 6, 7 మిల్లీమీటర్లు ఉండి ఈదేస్తుంది, దానికి ఢోకా లేదు. పైగా పెద్ద గప్పీల నుంచి దాక్కోవడానికి ఆ దారాల గుబురు పిల్లలకు మంచి చోటు. ఫైటర్ పిల్లలు వేరు. గుడ్డులోంచి వచ్చినప్పుడు 3 మిల్లీమీటర్ల చీలిక లాంటివి, సరిగా ఈదలేవు. పెద్ద తిత్తుల రకాలకు అలాంటివి తోక దగ్గరో తల దగ్గరో చిక్కుతాయి. చేప పిల్లలు తిత్తుల్లో చిక్కడం గురించి 1884లోనే రాసిపెట్టారు. కాబట్టి ఫైటర్‌ను జతకట్టించే తొట్టెలోంచి ఆ మూడు వారాలూ యుట్రిక్యులేరియా ఆరియా లాంటి పెద్ద తిత్తుల మొక్కను తీసి పక్కన పెట్టండి. గుడ్ల కోసం ఫైటర్ కట్టే బుడగల గూడుకు ఆధారంగా బాదం ఆకు చాలు.

యూజీని నిలబెట్టడం

అక్వేరియం షాపుల్లో యూజీని పచ్చటి తివాచీ మొక్కగా అమ్ముతారు, కీటకాహారి అని చాలామందికి చెప్పరు. సహజంగా తడి నేలల్లో, నీటి అంచున పెరిగే మొక్క ఇది, మన దేశంలోనూ ఉంది. నీటి అడుగున ఎంత బాగా పెరిగినా పువ్వు పూయదు, నీరు తగ్గి గాలి తగిలినప్పుడే ఊదారంగు పూలు వస్తాయి.

కప్పులోంచి తీశాక మొక్కకు అంటుకున్న జెల్ మొత్తం కడిగేయండి. పోగుపోగుగా విడదీయొద్దు, చిన్న చిన్న కుచ్చులుగా కత్తిరించి నాటండి. అక్వేరియం మొక్కల కోసం అమ్మే ఆక్వా సాయిల్ అనే మట్టి కొత్తది వేస్తే మొదటి కొన్ని వారాలు అమ్మోనియా వదులుతుంది, అందులో యూజీ కరిగిపోతుంది. ఎవరి దగ్గరైనా వాడేసిన పాత సాయిల్ దొరికితే అదే మేలు, లేకపోతే సన్నటి సిలికా ఇసుక. నేను సలహా ఇచ్చేది ఏమిటంటే, నీళ్లు నింపకుండానే మొదలుపెట్టండి. ఇసుక తడిగా ఉంచి, కుచ్చులు నాటి, తొట్టె పైన ప్లాస్టిక్ కవర్ బిగించి, మంచి లైటు కింద రెండు నెలలు అలా వదిలేయండి. రోజూ ఒకసారి కవర్ తీసి గాలి తగలనివ్వండి. కుదురుకుని అల్లుకున్నాక నిదానంగా నీళ్లు నింపి, ఫిల్టర్ పెట్టి, ఆ తర్వాతే ఫైటర్‌ను వదలండి. రూట్ ట్యాబ్లెట్లు, ద్రవ ఎరువులు వేయొద్దు. కార్బన్ డయాక్సైడ్ ఇస్తే ఇంకా గుబురుగా వస్తుంది గానీ, గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చే ఫైటర్ ఉన్న చోట దాన్ని అతిగా వదలకండి.

మేలో మన తొట్టెల్లో నీళ్లు 32, 33 డిగ్రీలకు పోతాయి. యూజీ 28 దాటితే నీరసిస్తుంది. క్లిప్పు ఫ్యాన్ ఒకటి నీటి పైన వీచేలా పెడితే ఆవిరి వల్ల 2, 3 డిగ్రీలు తగ్గుతుంది. ఐసు ముక్కలు వేసే పని పెట్టుకోకండి, ఆ హెచ్చుతగ్గులకు చేపకు జబ్బు చేస్తుంది. జబ్బు చేసిన చేపకు మందు వేయాల్సి వస్తే వేరే డబ్బాలోకి తీసి వేయండి. రాగి ఉన్న మందులు యుట్రిక్యులేరియాకు పడవు.

డాబా మీద చోటుంటే యుట్రిక్యులేరియా ఆరియా పెట్టుకోండి. చెరువుల్లో, వరి మడుల్లో తేలుతూ పసుపు పూలు పూసే మొక్క, మన ఎండకు అలవాటైనది. సిమెంటు తొట్టి వద్దు, సున్నం వదిలి నీటిని గట్టిగా చేస్తుంది. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు అడుగున కాస్త పీట్ మాస్, ఎండు తుంగ ఆకులు వేసి వాన నీళ్లు నింపండి. దోమ పిల్లల్ని ఈ మొక్క పడుతుంది, కానీ అన్నిటినీ పట్టదు. డెంగీ రోజుల్లో దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, ఒకటి రెండు చిన్న చేపలు కూడా వదలండి. మొక్క కోసం కొల్లేరు వెళ్లి తెచ్చుకుందాం అనుకోకండి, అది 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. మడుల్లోంచి తెచ్చినా పురుగుమందు అవశేషాలు, తూనీగ పిల్లలు వెంట వస్తాయి. ఆ తూనీగ పిల్లలు చేప పిల్లల్ని తిత్తుల కన్నా ఎక్కువగా తినేస్తాయి. పెంచేవాళ్ల దగ్గర ఒక తీగ అడిగి తీసుకోవడం మంచిది.

చూడ్డానికి నీటి చక్రంలా ఉండే నీటి మొక్క ఆల్డ్రోవాండా గురించి ఎవరో ఒకరు అడుగుతారు. ప్రపంచంలోనే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్క అది, కొంచెం నాచు పట్టినా చనిపోతుంది. మొదటి మొక్కగా అసలు వద్దు.

మట్టిలో పెరిగేవి

మీ ఫ్లైట్రాప్ గురించి ఉన్నదున్నట్టు చెప్తాను, నొచ్చుకోకండి. దాని సొంత ఊరు అమెరికాలోని నార్త్, సౌత్ కరొలైనా. ఏటా మూడు, నాలుగు నెలలు 10 డిగ్రీల లోపు చలిలో అది నిద్రపోవాలి. మన చలికాలం దానికి చలి కిందే లెక్క కాదు. నిద్ర లేకుండా ఒకటి రెండేళ్లు బతికి, ఏడాదికేడాది చిన్నదైపోతూ పోతుంది. నిలబెట్టాలంటే డిసెంబరులో వేర్లు కడిగి, కొంచెం ఫంగస్ మందు చల్లి, తడి స్ఫాగ్నమ్ నాచులో చుట్టి, జిప్ కవర్లో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఫిబ్రవరి చివరిదాకా ఉంచాలి. మిగతా కాలం ఉదయపు ఎండ నిండుగా కావాలి, మే నెలలో షేడ్ నెట్ కావాలి. ఏసీ గదిలో టేబుల్ మీద పెట్టుకోవచ్చని అమ్మేవాళ్లు చెప్పేది నమ్మకండి, ఆ వెలుగు చాలదు. పిల్లలు వేలు పెట్టి ఉచ్చులు మూయిస్తారు, అది ఆపించండి. 20 సెకన్ల లోపు రెండుసార్లు వెంట్రుక తాకితేనే మూసుకునే ఆకు అది, అలా ఊరికే కొన్నిమార్లు మూసుకుని తెరుచుకున్నాక ఎండిపోతుంది.

మన ఎండకు సరైనది డ్రాసెరా బర్మానై. తూర్పు కనుమల్లో తడి ఇసుక నేలల్లో వానాకాలం తర్వాత దానంతటదే మొలిచే మొక్క. రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది, ఎండ బాగా తగిలితే ఎర్రబడుతుంది. అంచుల్లోని పొడవాటి వెంట్రుకలు చీమ తగిలిన కొన్ని సెకన్లలోనే లోపలికి వంగుతాయి. ఏడాది లోపు జీవితం ముగుస్తుంది, కానీ తనంతట తానే గింజ కడుతుంది. గింజలు దుమ్ములా ఉంటాయి, మట్టి కప్పకూడదు, పైన చల్లి వదిలేస్తే వెలుతురుకు మొలుస్తాయి. అక్టోబరులో చల్లితే సంక్రాంతికి మీ ట్రే నిండా ఎర్రటి పూలచక్రాలే. డ్రాసెరా ఇండికా కూడా ఇలాగే పెరుగుతుంది, సన్నగా పొడవుగా.

వీటికి పీట్ మాస్, సిలికా ఇసుక సగం సగం. గూడూరు వైపు సిలికా ఇసుక వాటర్ ఫిల్టర్ సామాను అమ్మే చోట దొరుకుతుంది. కృష్ణ ఇసుక, తోట మట్టి, వర్మీ కంపోస్టు, ఆవుపేడ, ఏవీ వద్దు. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, ఆర్వో నీళ్లలో నానబెట్టి పిండిన నీళ్ల టీడీఎస్ తగ్గేదాకా కడిగే ఓపిక ఉంటేనే వాడండి. కుండీ కింద ట్రేలో ఒక అంగుళం నీళ్లు, వారానికోసారి ఆ ట్రే పారబోసి కొత్తవి పోయండి. దోమలు పెరగవు, పేరుకున్న ఉప్పూ పోతుంది.

అక్వేరియం పక్కనే ఏదైనా అందంగా వేలాడాలంటే నెపంథిస్, అంటే కూజా మొక్క, పెట్టుకోండి. వెంట్రాటా అనే సంకరం సులువు, మిరాబిలిస్, రఫ్లీసియానా వేడిని తట్టుకుంటాయి. మేఘాలయకు చెందిన ఖాసియానా చట్టం రక్షించే మొక్క, అడవిలోంచి తెచ్చినది ఎవరు అమ్మజూపినా కొనకండి. మూత లేని తొట్టెకు పైన, నీటికి ఒక అడుగు ఎత్తున కుండీ వేలాడదీస్తే కింది నుంచి వచ్చే తేమకు కూజాలు చక్కగా వస్తాయి. నీళ్లు పోసేటప్పుడు కుండీ కిందికి దించండి, చేపల తొట్టెలోకి కారకూడదు, తొట్టె నీళ్లు దానికి పోయకూడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ వడగాలికి ఆకు చివరి తీగ కూజా కాకుండానే ఎండిపోతుంది. మొక్క చనిపోయిందని పీకేయకండి, తొలకరి తేమకు మళ్లీ కూజాలు కడుతుంది.

మేత సంగతికొస్తే, డాబా మీద ఉన్నవాటికి మీరేమీ పెట్టక్కర్లేదు. ఇంట్లో ఉన్న డ్రాసెరాకు ఫైటర్ మేత గుళిక ఒకటి నలిపి తడిపి, ఆకుకు ఆవగింజలో సగం అంత, నెలకు రెండుసార్లు. మాంసం ముక్క, కోడిగుడ్డు, అన్నం మెతుకు పెడితే ఆకు కుళ్లిపోతుంది.

ఇప్పుడు మే నడుస్తోంది కాబట్టి ఈ నెల ఫైటర్ తొట్టె, టీడీఎస్ మీటర్, డ్రమ్ము మాత్రం సిద్ధం చేసుకోండి. యూజీ కప్పు మూత తీయకుండా చల్లటి చోట, లైటు కింద ఉంచితే కొన్ని వారాలు ఆగుతుంది, మొదటి వానలు పడ్డాక నాటండి. ఫ్లైట్రాప్‌ను మాత్రం ఇవాళే ఆర్వో నీళ్ల ట్రేలోకి మార్చండి, అది ఆగదు. తర్వాత గిబ్బా పెరిగి గుప్పెడు గుప్పెడు తీయాల్సి వచ్చినప్పుడు కాలవలో విసిరేయకుండా ఎండలో బాగా ఎండబెట్టి మామూలు పూలకుండీలో వేసేయండి. గప్పీలు ఎక్కువైనా అంతే, కాలవలోకి వదలకుండా షాపువాళ్లకో, అడిగిన పిల్లలకో ఇవ్వండి.